ఎనిమిదవ కిలోమీటరు

ఈ పత్రికకు నేను ఇంతవరకు వ్రాసినవన్నీ వాక్య ధ్యానములే. ఈ మారు మాత్రం నా సొంత సంగతి ఒకటి వ్రాస్తున్నాను. చాలాకాలంగా వ్రాయాలనుకుంటూనే వాయిదా వేస్తూ వచ్చాను. ఎందుకంటే ఇందులో నేను మంచిగా కనబడను.

నాకు నలభై రెండవ ఏట షుగరు బయటపడింది. "అయ్యగారూ, మాత్రలు సగం పని చేస్తాయి. మిగతా సగం మీ కాళ్లు చేయాలి" అన్నారు డాక్టరుగారు. సైకిలు మానేసి మోటారుసైకిలు ఎక్కిన నాటినుండి నా నడక అంతా ప్రసంగ వేదిక దగ్గరనుండి మందిరం గుమ్మం వరకే. సరేనని తెల్లవారుజామున కాలవగట్టు మీద నడవడం మొదలుపెట్టాను.

అదే గట్టు మీద మా సంఘంలోని యౌవనస్థులు ఐదారుగురు పరుగెత్తేవారు. 2022 చివరలో కానిస్టేబుల్ ఉద్యోగాల ప్రకటన వచ్చింది కదా, దానికి. మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాలలో పరుగెత్తాలి. పల్లెటూళ్లలో ఇళ్లున్నవారికి నేను చెప్పనక్కరలేదు, ఆ 8 నిమిషాల మీద ఎన్ని కుటుంబాల ఆశలుంటాయో. పిల్లలు నన్ను చూసి, "అయ్యగారండీ, ఊరికే నడుస్తున్నారు గదా, వాచీ పట్టుకోండి" అన్నారు. వాచీ పట్టుకున్నవాణ్ణి కొన్నాళ్లకు వాళ్ల వెనుక మెల్లగా పరుగు మొదలుపెట్టాను. గట్టు దిగువనున్న ఇళ్లలోని ఒక పెద్దావిడ, "అయ్యగారిని ఎవరన్నా తరుముతున్నారా ఏంటి?" అని నవ్వేది. ఆరు నెలలకు పది కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలిగాను. షుగరు కూడా లొంగింది. ఆ సంతోషంలో కొంత గర్వం కూడా ఉన్నదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ పిల్లలలో మా సంఘ పెద్దగారి రెండవ అబ్బాయి ఒకడు. పేరు వ్రాయవద్దన్నాడు గనుక వ్రాయను. ఇరవై రెండేళ్లు, సన్నని మనిషి, మాట తక్కువ. అందరిలోకి వాడే వేగం. ఏది చెప్పినా "అలాగేనండి" అనేవాడు. ఆ "అలాగేనండి" వినడం నాకు బాగుండేది.

2023 ఏప్రిల్ చివరి వారంలో మా దగ్గరి పట్టణంలో పది కిలోమీటర్ల పరుగు పందెం పెట్టారు. కాలేజీ గ్రౌండునుండి బయలుదేరి, సముద్రం వైపు రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు వెళ్లి, తిరిగి గ్రౌండుకే రావాలి. మొదటి బహుమతి ఐదు వేలు. ఎండలు అప్పటికే ముదిరాయి. "వడదెబ్బకు మనుషులు పడిపోతున్న రోజుల్లో మీకెందుకండీ ఈ పరుగు?" అన్నది నా భార్య. "ఉదయం ఐదున్నరకే మొదలు, ఎండెక్కేలోపు అయిపోతుంది" అన్నాను.

పందెం శనివారం. ముందు రోజు సాయంత్రం యౌవనస్థుల కూటంలో పరుగును గురించే మాట్లాడాను. పౌలు భక్తుడు పరుగు పందెమును ఉపమానంగా వాడిన సంగతి మీకందరికీ తెలుసు. బోధకులకు అది సులువైన అంశం. మధ్యలో ఆగిపోయినవారిని గురించి కాస్త ఎగతాళిగా కూడా మాట్లాడాను, పిల్లలు నవ్వారు. కూటం అయ్యాక ఆ అబ్బాయి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారండీ, రెండు రోజులనుండి ఒళ్లు వెచ్చగా ఉంటోంది, మొన్న విరేచనాలు కూడా అయ్యాయి" అన్నాడు. నేను నుదుటిమీద చేయి వేసి చూశాను. వెచ్చగానే ఉంది. "భయం వల్ల అలా ఉంటుంది. పరుగెత్తితే అదే పోతుంది. ఏం జరిగినా ఆగకు" అన్నాను. ప్రార్థన చేసి పంపించాను.

వాడు "అలాగేనండి" అన్నాడు.

ఐదున్నరకు మొదలు కావలసిన పందెం ఏడూ నలభైకి మొదలైంది. ముఖ్య అతిథి రావాలట. వచ్చాక శాలువాలు, ఫోటోలు, ఆరోగ్యమే మహాభాగ్యమని ఉపన్యాసాలు. పిల్లలు నాలుగింటికి లేచి, ఏమీ తినకుండా, నీడలేని గ్రౌండులో రెండు గంటలు నిలబడ్డారు. తప్పు నిర్వాహకులదే అని చాలాకాలం అనుకున్నాను. కాని నిలబడినవారిలో పెద్దవాణ్ణి నేనే. "ఎండెక్కింది, మా పిల్లలను పరుగెత్తించను" అని ఒక్క మాట అనగలవాణ్ణీ నేనే. నా చొక్కా మీద కూడా నంబరు కాగితం పిన్నీసులతో గుచ్చి ఉంది మరి.

మొదటి రెండు కిలోమీటర్లు రోడ్డుకిరువైపులా సరుగుడు తోటలు, ఫరవాలేదు. తరువాత అన్నీ రొయ్యల చెరువులే. చెట్టన్నది లేదు. గాలి బొత్తిగా లేదు. ఆకాశం తెల్లగా పొగచూరినట్టుంది, ఎండ కనబడడం లేదు గాని ఒళ్లు ఉడికిపోతోంది. చెమట ధారగా కారుతోంది గాని ఆరడం లేదు. కోస్తాలో ఉన్నవారికి ఈ ఉక్క ఏమిటో తెలుసు.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి, నేను తరువాత నేర్చుకున్నది. పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది. ఆ వేడిని ఒంట్లోనుండి బయటికి పంపేది ముఖ్యంగా చెమట. అయితే కారిన చెమట వల్ల చల్లబడము, ఆరిన చెమట వల్లనే చల్లబడతాము. మన ఇంట్లో మట్టికుండనే చూడండి. పొడిగాలి వీచే రోజున కుండ పైభాగం తడి ఆరుతూ ఉంటుంది, నీళ్లు చల్లగా ఉంటాయి. ఉక్కపోత రోజున తడి ఆరదు, నీళ్లు చల్లబడవు. మనిషి కూడా అంతే. ఒకటే తేడా. కుండ కింద పొయ్యి ఉండదు, పరుగెత్తేవాడి లోపల ఉంటుంది.

నేను మలుపు చేరడానికి ఇంకా అర కిలోమీటరు ఉండగా వాడు ఎదురొచ్చాడు. వాడికి ముందు ఇద్దరే ఉన్నారు. ముఖం కందిపోయి ఉంది. నేను చెయ్యెత్తాను, వాడు నన్ను చూశాడు గాని గుర్తుపట్టినట్టు లేదు. చూపు ఎక్కడో ఉంది. ఆ చూపు చూసి నేను ఆగి వాణ్ణి పట్టుకోవలసింది. దానికి బదులు ఏం చేశానో తెలుసా? "ఆగకురా! ఇంకొంచెమే!" అని అరిచాను.

మలుపు దగ్గర నీళ్ల ప్యాకెట్లు అయిపోయాయి. ఖాళీ ప్యాకెట్లు రోడ్డంతా పడి ఉన్నాయి. నేను కొంత నడక, కొంత పరుగుగా వెనక్కి బయలుదేరాను. ఎనిమిదవ కిలోమీటరు దగ్గర రోడ్డు మీద సున్నంతో పెద్ద అంకె వేశారు. ఆ అంకె కనబడేసరికి, ఒక మనిషి రోడ్డుకు అటూ ఇటూ ఊగుతూ నాకెదురుగా వస్తున్నాడు. మొదట తాగినవాడేమో అనుకున్నాను. చూస్తే మా వాడే. గ్రౌండు వైపు కాక, వెనక్కి తిరిగి వస్తున్నాడు. "గ్రౌండు అటు గదరా" అన్నాను. "తాతయ్యా, గుడికి టైమయిపోయింది" అన్నాడు. వాళ్ల తాత చనిపోయి అప్పటికి నాలుగేళ్లు. చేయి పట్టుకున్నాను. పొయ్యి మీదనుండి దించిన గిన్నెను పట్టుకున్నట్టుంది. నా చేతిలోనే కూలబడిపోయాడు.

ఎంతోమంది మమ్మల్ని దాటి వెళ్లారు. వారిని తప్పు పట్టను. ఆ ఎండలో ఎవరి కళ్ల ముందు చీకట్లు వారికున్నాయి.

అక్కడికి యాభై అడుగుల దూరంలో ఉపాధి హామీ పనుల్లో కట్టిన పశువుల నీటి తొట్టి ఉంది. అలాంటి తొట్లు చాలా ఊళ్లలో ఎండిపోయి, పిచ్చిమొక్కలు మొలిచి ఉండడం మీరు చూసే ఉంటారు. ఈ తొట్టిలో నీళ్లున్నాయి. పక్కనే బోరు. ఒక వృద్ధురాలు మూడు గేదెలను నీళ్లకు తోలుకొచ్చింది. నా కేకకు ఆమె వచ్చింది, అటుగా పోతున్న ఆటో ఆగింది, మోటారుసైకిలు మీద ఇద్దరు ఆగారు. అందరూ తలా ఒక మాట. "ముందు ఆటోలో వేయండి, ఆస్పత్రి పన్నెండు కిలోమీటర్లు." "నోట్లో నీళ్లు పోయండి." "వేడి ఒంటి మీద చన్నీళ్లు పోయకండోయ్, ప్రాణం పోతుంది." ఈ చివరి మాట గట్టిగా అన్నది నాకంటే చదువుకున్నవాడు. నేను కూడా ఆటో వైపే మొగ్గాను.

ఆ పెద్దావిడ వినలేదు. వాడి పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "ఇదేం కాలడమయ్యా! తొట్టిలో దింపండి" అన్నది. మోటారుసైకిలాయన అడ్డం చెప్పబోతే, "గేదె ఎండకు సొమ్మసిల్లితే నీళ్లలోకి తోలతాం. మనిషి గేదె కంటే గట్టోడా?" అన్నది. అని తానే వాడి కాళ్లు పట్టుకుంది. ఆటో అబ్బాయి నడుము పట్టాడు, నేను చంకల కింద చేతులు వేశాను. మెడ వరకు నీళ్లలో దింపాము. తల మునగకుండా నా మోచేతి మీద పెట్టుకున్నాను. ఆమె బోరు మోటారు వేయించి, కొత్త నీళ్లు వాడి ఛాతీ మీద పడేటట్టు గొట్టం తిప్పింది. తన తలకు చుట్టుకున్న గుడ్డ తడిపి వాడి నెత్తి మీద వేసి, అది వెచ్చబడినప్పుడల్లా మళ్లీ తడిపింది. గేదెలు కాసేపు చూసి తొట్టి అవతలి పక్కకు పోయి నీళ్లు తాగుతున్నాయి.

పావుగంట కంటే ఎక్కువే అయి ఉంటుంది. నేను ప్రార్థన చేశానా అని తరువాత ఒకరు అడిగారు. చేశాను గాని, దానిలో మాటలు లేవు. వాళ్ల అమ్మకు ఏం చెప్పాలి అన్నదొక్కటే తలలో తిరుగుతోంది. చివరికి వాడికి వణుకు పుట్టింది. కళ్లు తెరిచి నన్ను చూసి, "అయ్యగారండీ, ఎన్నో స్థానం?" అన్నాడు. ఆ పెద్దావిడ, "బతికాడు సన్నాసి" అని గేదెల దగ్గరకు వెళ్లిపోయింది.

ఆస్పత్రిలో చేర్చేసరికి కూడా జ్వరం 104 ఉంది. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. కండరాలు దెబ్బతిని, ఆ భారం మూత్రపిండాల మీద పడిందని డాక్టరుగారు సెలైన్లు ఎక్కించారు. నాలుగు రోజులు ఉంచారు. తొట్టి సంగతి నేను భయపడుతూ చెప్పాను, తిడతారేమోనని. ఆయన పెన్ను కింద పెట్టి, "ఎవరు చెప్పారు మీకా పని?" అని అడిగారు. గేదెలు కాసే ఆవిడ అన్నాను. "ఆమె చేసిందే సరైన వైద్యం. పరుగెత్తి వడదెబ్బ తిని, మతి తప్పి మాట్లాడుతున్నాడంటే ఒంట్లో వేడి 104 దాటిందనే అనుకోవాలి. మొదటి అరగంటలో అది దిగాలి. ముందు చల్లార్చాలి, తరువాత తీసుకురావాలి. మీరు అలాగే ఆటోలో వేసి ఉంటే ఆ పన్నెండు కిలోమీటర్లు వీడు లోపల ఉడుకుతూనే ఉండేవాడు. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోసి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయేవి" అన్నారు. ఈ మాటలు మీ ఇళ్లలో జ్ఞాపకముంచుకోండి. తొట్టి లేకపోతే బకెట్లతో పోస్తూ ఉండండి, తడి గుడ్డలు కప్పి విసరండి. చన్నీళ్లకు ప్రాణం పోతుందన్న మాట నమ్మకండి.

వాళ్ల అమ్మగారు ఆస్పత్రిలో నాతో ఏమీ అనలేదు. తరువాత నాలుగు ఆదివారాలు ఆరాధనకు వచ్చి, చివరి పాట కాకముందే లేచి వెళ్లిపోయారు. గుమ్మం దగ్గర నాకు వందనం చెప్పవలసి వస్తుందని. ఐదవ వారం నేనే వాళ్లింటికి వెళ్లాను. పెద్దగారు కుర్చీ వేశారు. నేను కూర్చోకుండా, జ్వరమని వాడు చెప్పిన సంగతి, నేను అన్న మాట, మలుపు దగ్గర నేను వేసిన కేక, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. జ్వరం సంగతి వారికి తెలియదు. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి విన్నారు. "మేము చెబితే ఆగుతాడండీ వాడు. మీరు ఆగవద్దన్నారు, అందుకే ఆగలేదు" అన్నారు. అంతే. కోపంగా కూడా అనలేదు. ఇరవై ఏళ్లకు దగ్గరగా బోధిస్తున్నాను, నా మాటకు అంత బరువున్నదని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో నిద్రపట్టక మా అబ్బాయి ఫోనులో ఇలాంటి పందెములను గురించి చదివేవాణ్ణి. 1912లో స్వీడన్ దేశపు స్టాక్‌హోమ్‌లో ఒలింపిక్ ఆటలు జరిగాయి. జూలై 14న మారథాన్ పరుగు. చలిదేశమే గాని ఆ రోజు ఎండ 32 డిగ్రీలు. మనకు అది ఎండే కాదు. వాళ్లకు, అదీ మధ్యాహ్నం పూట 40 కిలోమీటర్లు పరుగెత్తేవారికి, అది అగ్నిగుండమే. 68 మంది బయలుదేరితే సుమారు సగంమందే చివరికి చేరారు. వారిలో ఇద్దరి సంగతి నన్ను వదలలేదు.

ఒకడు పోర్చుగల్ దేశస్థుడు ఫ్రాన్సిస్కో లాజరో. వడ్రంగి. ఎండకు చర్మం కాలకుండా ఒంటికంతా కొవ్వు లాంటిది పూసుకున్నాడట. దానివల్ల చెమటకు దారి మూసుకుపోయింది. దాదాపు 30 కిలోమీటర్ల దగ్గర కూలిపోయాడు, మరునాడు ఉదయం చనిపోయాడు. నేటి ఒలింపిక్ ఆటల్లో పోటీలో పడి ప్రాణం పోగొట్టుకున్న మొదటివాడు అతడే. ఆ పేరు చదివినప్పుడు, బేతనియ లాజరు జ్ఞాపకం వచ్చి, ఫోను పక్కన పెట్టేశాను.

రెండవవాడు జపాను దేశపు ఇరవై ఏళ్ల విద్యార్థి షిజో కనకురి. ఓడలోను, రష్యా గుండా రైలులోను రెండు వారాలకు పైగా ప్రయాణం చేసి వచ్చాడు. వాళ్ల దేశం ఒలింపిక్ ఆటలకు మనుషులను పంపడం అదే మొదలు, పంపింది ఇద్దరినే. అంత దూరం వచ్చినవాడు సగం దారి దాటాక సొమ్మసిల్లాడు. దారి పక్కన ఒక కుటుంబం వారు అతణ్ణి తమ తోటలోకి తీసుకువెళ్లి, తాగడానికి ఇచ్చి, పడుకోబెట్టి సేద తీర్చారు. తేరుకున్నాక సిగ్గుతో, ఏ అధికారికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. స్వీడన్‌లో అతడు చాలాకాలం 'కనబడకుండా పోయిన పరుగువాడు' అయ్యాడు.

ఆగిపోయినవాడని మా యౌవన కూటంలో నేను ఎగతాళి చేసింది ఇటువంటివాణ్ణే. కాని ఆ ఆగినవాడు బ్రతికాడు. 1920లో, 1924లో మళ్లీ ఒలింపిక్ మారథాన్‌కు వెళ్లాడు. 1924లో మళ్లీ మధ్యలోనే ఆగాడు కూడా. టోక్యోనుండి హకొనే వరకు విశ్వవిద్యాలయ విద్యార్థులు వంతులవారీగా పరుగెత్తే పందెం 1920లో మొదలైంది. దాన్ని మొదలుపెట్టినవారిలో అతడు ముఖ్యుడు. ఇప్పటికీ ఏటా జనవరి 2, 3 తేదీలలో అది జరుగుతుంది, దేశమంతా టీవీల ముందు కూర్చుంటుందట. 1967లో స్వీడన్ వారు అతణ్ణి పిలిపించి, అదే స్టేడియంలో గీత దాటించారు. పట్టిన సమయం 54 ఏళ్ల 8 నెలల 6 రోజుల 5 గంటల పైచిలుకు అని ప్రకటించారు. మధ్యలో పెళ్లయిందని, ఆరుగురు పిల్లలు, పదిమంది మనుమలు కలిగారని ఆ పెద్దమనిషి సరదాగా చెప్పాడట. 92 ఏళ్లు బ్రతికి 1983లో చనిపోయాడు.

ఇది చదివి మా ఇంట్లో చెబితే నా భార్య, "ఆ తోటలోని వాళ్లు ఎంత మంచివాళ్లండీ" అన్నది. నేను పరుగువాణ్ణి గురించి చెబుతుంటే ఆమె తోటవాళ్లను చూసింది. ఆలోచిస్తే నిజమే. 2021 మే 22న చైనాలోని గాన్సు కొండల్లో వంద కిలోమీటర్ల పరుగు జరిగింది. అక్కడ ఎండ కాదు, దానికి పూర్తిగా వ్యతిరేకం. ఉన్నట్టుండి ఈదురుగాలి, వడగళ్లు, మంచులాంటి వాన. 172 మంది బయలుదేరితే 21 మంది చలికి బిగుసుకుపోయి చనిపోయారు. ఒంటి మీద పలుచని బట్టలు తప్ప ఏమీ లేవు. ఆ కొండ మీద ఒక గొర్రెల కాపరి గుహలో తలదాచుకొని ఉండి, ఆరుగురిని లోపలికి చేర్చి, మంట వేసి బ్రతికించాడు. మమ్మల్ని కూడా కాపరులనే పిలుస్తారు. ఆ మాట చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

వాతావరణాన్ని లెక్కచేయడం చేతగానితనం కాదని పెద్ద పెద్దవాళ్లే ఒప్పుకున్నారు. 2019లో దోహాలో ప్రపంచ పోటీలలో స్త్రీల మారథాన్‌ను ఎండకు భయపడి అర్ధరాత్రి పెట్టారు. అయినా ఆ ఉక్కకు తట్టుకోలేక, బయలుదేరిన 68 మందిలో 28 మంది మధ్యలో ఆగిపోయారు. ఆగినవారందరూ ఇళ్లకు వెళ్లారు. అది చూసి టోక్యో ఒలింపిక్ మారథాన్‌ను టోక్యోలో కాక, దాదాపు 800 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న సపోరో పట్టణానికి మార్చారు. 2021లో అక్కడ కూడా వేడిగా ఉంటుందని తెలిసి, స్త్రీల పరుగును ముందు రోజు రాత్రి గంట ముందుకు జరిపారు. ప్రపంచమంతా చూసే పందెం గంట ముందుకు జరిగింది. మా పందెం ఒక శాలువా కోసం రెండు గంటలు వెనక్కి జరిగింది.

ఇంకొకటి చెప్పక తప్పదు, పిల్లలను ఉద్యోగపు పరుగులకు పంపే తల్లిదండ్రుల కోసం. 2024 ఆగస్టులో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికకు మగపిల్లలు గంటలో పది కిలోమీటర్లు పరుగెత్తవలసి వచ్చింది. పదిమందికి పైగా యువకులు చనిపోయారు. ఆ తరువాత ఉదయం 9 దాటాక పరుగు పెట్టవద్దని ప్రభుత్వం చెప్పింది. ఆ వార్త చదివిన రోజు మా వాడు నాకు ఫోను చేశాడు. ఏమీ మాట్లాడలేదు. "చూశారా అండి?" అన్నాడు. "చూశానురా" అన్నాను.

ఇప్పుడు మా కాలవగట్టు మీద పరుగు ఎండాకాలంలో నాలుగున్నరకే మొదలై ఆరుకల్లా ముగుస్తుంది. చలికాలం పోయి ఎండలు మొదలవగానే రెండు వారాలు వేగం తగ్గిస్తాము. కొత్త వేడికి ఒళ్లు అలవాటుపడడానికి అంత కాలం పడుతుందట. ఉప్పు వేసిన మజ్జిగ బిందెడు మా ఇంటినుండే వస్తుంది. జ్వరం, విరేచనాలు అన్నవాణ్ణి ఇంటికి పంపేస్తాను. ఒక నీళ్ల డ్రమ్ము నింపి గట్టు మీద ఉంచుతాము. దేవుని దయవలన ఇంతవరకు దానిలో ఎవరినీ దింపలేదు, పరుగయ్యాక పిల్లలు ముఖాలు కడుక్కుంటున్నారు. కాస్త గట్టిగా ఉన్నవాడెవడైనా ఆగితే, "ఎందుకాగావు?" అని అడగాలని నాలుక చివరిదాకా వస్తుంది. పాత అలవాటు. మింగేస్తాను.

ఆ కానిస్టేబుల్ పరుగులు వాయిదాలు పడి పడి, 2024 డిసెంబరు ఆఖరులో మొదలయ్యాయి. మా వాడు వెళ్లలేదు. డాక్టరుగారు పరుగెత్తవచ్చనే అన్నారు గాని, వాడికి మనస్సు రాలేదు. ఇప్పుడు ఒక రొయ్యల మేత కొట్టులో లెక్కలు వ్రాస్తున్నాడు. వాడిని ఆపినది ఆ ఎండా, నేనా అని ఒక్కొక్కప్పుడు అనుకుంటాను. వాడిని అడగలేదు.

ఆ క్రిస్మసు వెళ్లిన వారంలో ఒక ఉదయం వాడే వచ్చాడు. "అయ్యగారండీ, ఆ రెండు కిలోమీటర్లు మిగిలిపోయాయి గదా, నడిచి వద్దామా?" అన్నాడు. జపానాయన కథ వాడికి నేనే చెప్పాను. మోటారుసైకిలు మీద ఆ తొట్టి దగ్గరకు వెళ్లాము. మంచు పట్టి ఉంది, చెరువుల మీద ఏమీ కనబడడం లేదు. పెద్దావిడ అక్కడే ఉంది, గేదెలు రెండే ఉన్నాయి. మమ్మల్ని చూసి, "మళ్లీ పరుగేనా? మీకు బుద్ధి లేదా అయ్యగారూ?" అన్నది. నడకే అన్నాను. వాడు ఆమెకు తెచ్చిన కేకు పొట్లం చేతిలో పెట్టాడు.

రోడ్డు మీద సున్నపు అంకె ఎప్పుడో చెరిగిపోయింది. తొట్టికి ఎదురుగా ఇంచుమించు ఇక్కడే అనుకొని బయలుదేరాము. సరుగుడు తోటల దగ్గర టీ బండి కనబడితే ఒకసారి ఆగాము. వాడి చెప్పు తెగితే, దాన్ని పిన్నీసుతో సరిచేసుకోవడానికి ఇంకోసారి ఆగాము. గ్రౌండు గేటుకు తాళం వేసి ఉంది. ప్రహరీ పక్కన సందులోనుండి దూరి లోపలికి వెళ్లాము. ఆ రోజు ఆర్చి ఎక్కడ కట్టారో ఇద్దరికీ సరిగా తెలియలేదు. వాడు అక్కడ నిలబడి వాళ్ల అమ్మకు ఫోను చేశాడు.

"మధ్యలో ఆగారా?" అని ఆమె అడగడం నాకు కూడా వినబడింది.

"రెండుసార్లు ఆగామమ్మా" అన్నాడు.

"సరే. అయ్యగారిని టిఫిన్‌కు తీసుకురా. షుగరు మనిషి, ఆలస్యం చేయకు" అన్నారామె.